తొమ్మిది మెట్ల నీళ్లు

మా ఆడబిడ్డ పొద్దున్నే వంటగదిలోకి వచ్చి, నా ముందు ఒక జమ్ము కట్ట పడేసింది. నేలంతా నీళ్లయింది. దుబ్బుల వేళ్లు నల్లబడి, ముట్టుకుంటే ఊడొస్తున్నాయి.

"చూడు వదినా, వీటితో చాపలు అల్లాలట. పట్టుకుంటే ముద్దవుతున్నాయి. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే నేను ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి."

మా వీధి చివరి సరస్సు నదికి వరదొస్తే నిండుతుంది. వరద తగ్గాక తూముకు అడ్డం పెట్టిన చెక్కలు తీస్తే, నీళ్లు మళ్లీ నదిలోకి దిగుతాయి. ఎప్పుడు ఎన్ని చెక్కలుండాలో చూసే పని ముప్పై ఏళ్లు మా ఆయనది. ఆయన పోయాక ఇంకొకరు వచ్చారు. ఎండా వానా లేకపోయినా గొడుగు వదలడు కనుక మేం అతన్ని గొడుగాయన అంటాం.

రెండేళ్ల క్రితం గొడుగాయన, మా ఆయన నెలనెలా నీటి లెక్క రాసుకున్న నోటుపుస్తకం అడగడానికి వచ్చాడు. ఆ కోడిగీతలు అతనికి అంతుపట్టలేదు. నేను అక్షరాలు దిద్దిందే ఆ గీతలు చూసి. గడగడా చదివి వినిపించాను: "పక్షులు గూళ్లు కట్టే నెల, తొమ్మిది మెట్లు." గట్టుకు పన్నెండు మెట్లున్నాయి. తొమ్మిది మునిగేటట్టు అతను చెక్కలు బిగించి, ఏడాది పొడవునా అలాగే ఉంచాడు.

కలువలు విరగబూశాయి. చూడవచ్చిన వాళ్లంతా మెచ్చుకున్నారు. కానీ బురదలో నడిచి తినే కొంగలు రావడం మానేశాయి. ఒడ్డునున్న జమ్ము పల్చబడింది. పుస్తకంలో ఉన్నట్టే చేస్తున్నాం కదా, ఎక్కడ తేడా వచ్చిందో నాకు తోచలేదు.

"మీ అన్నయ్య రాసిందే చేశాం," అంటూ పుస్తకం ఆడబిడ్డ ముందు పెట్టాను.

"తొమ్మిదా? అప్పట్లో ఆ నెలలో నేను మోకాలు తడవకుండా జమ్ము కోసేదాన్ని!"

"ఇది మరి? పెద్ద వరదొచ్చిన నెల చూడు, సున్నా అని ఉంది. ఒంట్లో బాగోక కొలవలేదేమో అనుకున్నాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అన్నయ్య ఏనాడైనా కాలు తడుపుకున్నాడా వదినా? పైమెట్టు మీద నిలబడి, పొడి మెట్లు లెక్కపెట్టేవాడు. వరదలో పొడి మెట్టు ఎక్కడుంటుంది?"

తొమ్మిది పొడిగా ఉండాలి. మునగాల్సినవి మూడే. బురద బయటపడి ఎండ తగిలితేనే జమ్ము విత్తనం మొలిచేది. రెండేళ్లుగా దాన్ని నీళ్లలో ముంచి చంపింది నేనే.

ఇద్దరం తూము దగ్గరికి పరుగెత్తాం. గొడుగాయన ఓపికగా విన్నాడు.

"అంతేగా అమ్మా. చెక్కలన్నీ ఇప్పుడే తీసేస్తాను. సాయంత్రానికి మీ తొమ్మిది మెట్లూ బయటికొస్తాయి."

చెక్కలు పైకి లాగే కొక్కెం చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు నా చూపు సరస్సు నడుమ మిగిలిన ఒకే ఒక్క జమ్ము గుబురు మీద పడింది. నీటికోళ్లు గూళ్లన్నీ అక్కడే కట్టుకున్నాయి. లెక్కపెట్టాను, ఏడు. చుట్టూ లోతుంది కాబట్టే కుక్కలు అటు పోవడంలేదు. నీళ్లు దిగిపోతే అవి నడుచుకుంటూ పోయి గుడ్లు తినేస్తాయి.

"సార్, ఆగండి! తీయకండి."

"ఇప్పుడేగా తీయమన్నారు?"

"నిజమే, తీయాలి. కానీ ఇప్పుడు కాదు."

"మొదట తొమ్మిదన్నారు, తర్వాత మూడన్నారు, ఇప్పుడు ఆగమంటున్నారు. నన్నేం చేయమంటారమ్మా?"

"ఈవిణ్ణి అడిగితే మీకు తెల్లారినట్టే," అంది ఆడబిడ్డ. ఆ మాటలో సగమే వేళాకోళం. ఇప్పుడు నీళ్లు దిగకపోతే ఈ ఏడాది కూడా కొత్త జమ్ము మొలవదు. అది ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

ఒక్క చెక్క తీసి చూద్దామన్నాను. తీశాడు. గంటలో నీళ్లు జానెడు తగ్గాయి. గుబురు ఇవతలి అంచున నీళ్ల మీద ఆనుకుని ఉన్న గూడు ఒక పక్కకు వాలింది. పిట్ట దిగి ఈదుకుంటూ పోయి, నోట కరిచి ఒక కాడ తెచ్చి, వాలిన వైపు కిందికి దోపింది. ఇంకోటి తెచ్చింది. గూడు సర్దుకుంటున్నట్టు అనిపించింది. మరుక్షణం ఇంకాస్త జారినట్టూ అనిపించింది. అలవాటుపడుతోందో, కంగారుపడుతోందో ఎంతసేపు చూసినా తేల్చుకోలేకపోయాను.

"రెండోది తీయనా?" అన్నాడు గొడుగాయన.

నేను ఆడబిడ్డ వైపు తిరిగాను. ఆమె చాలాసేపు గూళ్లవైపు చూసి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"పిల్లలు గూళ్లలోంచి ఎప్పటికి దిగుతాయి?"

"తెలియదే. మూడు వారాలేమో."

"మొలకలకి అప్పటికి ఆలస్యమైపోతుంది కదా వదినా?"

"అయిపోతుందేమో. కాకపోవచ్చునేమో కూడా."

"నీతో వేగలేం," అని గొణిగి, గొడుగాయన చేతిలోంచి కొక్కెం తీసుకుని తూము గోడకు తగిలించింది. "తీసిన చెక్క కూడా పెట్టేయండి సార్. పిల్లలు దిగాక చూద్దాం."

అతను చెక్క దించాడు. చేసింది మంచో చెడో నాకింకా తెలియలేదు. ఆడబిడ్డ మాత్రం అప్పటికే గట్టు దిగి, నా కోసం ఆగకుండా ఇంటివైపు నడుస్తోంది.