ఏడో తొట్టి మూత

ఉల్‌బోసిన్ అంటే కజక్ భాషలో "కొడుకు పుట్టాలి" అని అర్థం. వరసగా ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టేసరికి తల్లి రాబిగా ఆ పేరు పెట్టింది. ఐదేళ్ళు తిరక్కుండానే జల్గాస్ పుట్టాడు. "నువ్వు పిలిస్తేనే వచ్చాడే వాడు" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఉల్‌బోసిన్‌ను ముద్దు చేసేవారు. ఆ మాట ఆమె నిజంగానే నమ్మింది. తమ్ముడికి నడక నేర్పింది ఆమే. ఒంటె ఎక్కించిందీ, ఎక్కాలు చెప్పిందీ ఆమే. వాడు చమురు మైదానంలో పనికి కుదిరిన రోజున నీలం రంగు పని దుస్తులు కుట్టుమిషను మీద పెట్టి పొట్టి చేసిందీ ఆమే.

ఆ దుస్తుల్లోనే వాడు పోయాడు. ముప్ఫై ఒకటో ఏట.

మడ్డి తొట్టి అడుగు గోకడానికి దిగి, నాలుగు నిమిషాల్లో పోయాడు. చమురు కింద పేరుకునే నల్లటి మడ్డిలోంచి ఒక గ్యాసు వస్తుంది. కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన. ఎక్కువైతే ఏ వాసనా తెలియదు, ముందు ముక్కునే చంపేస్తుంది. మనిషి ఏమీ లేదనుకుని రెండో ఊపిరి తీస్తాడు. మూడోది ఉండదు.

ఆ పనికి పెద్ద సక్తగాన్. దిగవచ్చు అని పర్మిట్ రాసి సంతకం పెట్టింది అతనే. విచారణ కాగితంలో మాత్రం ఇంకోలా రాశాడు: "మృతుడు మద్యం మత్తులో ఉన్నాడు. వద్దని చెప్పినా వినకుండా, మాస్కు తీసి పారేసి దిగాడు." శవాన్ని ఆ పొద్దే మట్టి చేయాలి కదా, కోయించడం ఎందుకని ఎవరో మెత్తగా చెబితే, పరీక్ష అక్కర్లేదని ఇంటి తరఫున సంతకం చేసింది ఉల్‌బోసినే. ఆ సంతకం విలువ ఆమెకు వారం తర్వాత, ఆ విచారణ కాగితం చదివాక తెలిసింది.

జల్గాస్ నోట్లో చుక్క మందు పోసుకుని ఎరగడు. కానీ కాగితం మాట కాగితానిదే. ఐదు పూటలా నమాజు చేసే రాబిగా వీధిలో నడుస్తుంటే మాట్లాడుకునేవాళ్ళు గొంతు తగ్గించేవారు. ఒకావిడ పరామర్శకు వచ్చి, "పోనీలే వదినా, తాగుబోతుల్నీ దేవుడు క్షమిస్తాడట" అని వెళ్ళింది. ఆ తర్వాత రాబిగా నెల రోజులు గడప దాటలేదు.

ఉల్‌బోసిన్ అప్పటికి పద్నాలుగేళ్ళుగా బడిలో రసాయన శాస్త్రం చెబుతోంది. ఆ ఏడు పరీక్షలయ్యాక ఉద్యోగం మానేసింది. పట్నం వెళ్ళి గ్యాసు కొలిచే పని నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, తమ్ముడు పోయిన మైదానంలోనే పరీక్షల గదిలో చేరింది. ఎందుకమ్మా ఆ చావు కొంపలోకి అని తల్లి అడిగితే, "వాడి పని ఇంకా ఉంది" అంది. తల్లికి అర్థమైంది. మళ్ళీ అడగలేదు.

మూడేళ్ళు కాచుకుంది.

ఆ మూడేళ్ళలో సక్తగాన్ ఇంకా పైకెళ్ళాడు. మైదానం ముసలిదైపోయింది, చమురు తగ్గింది. నేలను శుభ్రం చేసి గడ్డి మొలిచేలా చేసి అప్పగించాలని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. ఆ శుభ్రం చేసే గుత్త సక్తగాన్ పట్టాడు. పాత గుంటలు, పాత తొట్లు ఒక్కొక్కటీ ఖాళీ చేయించి తనిఖీ కమిటీకి చూపించేవాడు. చూపించడంలో అతనికో సరదా ఉంది. బాగా కడిగిన తొట్టి అయితే చొక్కా చేతులు మడిచి, మాస్కు లేకుండా తనే నిచ్చెన దిగేవాడు. అడుగున అరచెయ్యి రాసి, పైకొచ్చి తెల్లటి చెయ్యి చూపించి, "దీంట్లో పిండి పిసుక్కోవచ్చు" అనేవాడు. కమిటీవాళ్ళు నవ్వేవారు. అలా రెండుసార్లు జరగడం ఉల్‌బోసిన్ కళ్ళారా చూసింది. రెండోసారి చూసినప్పుడే ఆమె కడుపులో ఆ ఆలోచన పడింది.

ఏడో తొట్టిని రెండు రోజుల్లో ముగించమన్నాడు సక్తగాన్. రెండు రోజుల్లో అది అయ్యే పని కాదు. పై మడ్డి తోడి, అడుగుదాన్ని అలాగే వదిలి, దాని మీద జానెడు ఇసుక పరిచారు. పై నుంచి టార్చి వేసి చూస్తే శుభ్రంగానే ఉంటుంది.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే ఉల్‌బోసిన్ ఒక్కతే వెళ్ళి మూత తీసి, మీటరు గొట్టం అడుగు దాకా వదిలింది. అంకె ఆరువందల నలభై దగ్గర ఆగింది. పది దాటితే మాస్కు లేకుండా మనిషిని దింపకూడదు. ఆమె మీటరును కోటు జేబులో పెట్టుకుంది. సక్తగాన్ ముందు రోజే "గ్యాసు: సున్న" అని రాసి సంతకం పెట్టిన పర్మిట్ బోర్డుకు తగిలించి ఉంది. దాన్ని రెండుసార్లు చదివింది. తమ్ముడి పర్మిట్ మీద ఉన్న సంతకమే. చివర్న అదే పొడుగాటి తోక.

ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకూడదనే అనుకుంది. చెప్పడమే తన ఉద్యోగమని తెలిసీ అనుకుంది.

పది గంటలకు కమిటీ కారు దిగింది. దానికి పెద్ద, కువాందిక్ అనే ముసలి ఇంజనీరు. మోకాళ్ళు నొప్పి, నోరు పొదుపు. వెనక ఇద్దరు. సక్తగాన్ ఎదురెళ్ళి రెండు చేతులతో చెయ్యి పట్టుకున్నాడు. కూలీలు నలుగురు దూరంగా నిలబడ్డారు. వాళ్ళలో ఒతేష్ ఉన్నాడు. జల్గాస్ పోయిననాడు పైన తాడు పట్టుకున్నది అతనే. విచారణలో సక్తగాన్ చెప్పమన్నదల్లా చెప్పిందీ అతనే. అప్పట్నుంచి ఉల్‌బోసిన్ కనబడితే తల దించుకుని దారి మళ్ళేవాడు.

"గ్యాసెంత?" అన్నాడు కువాందిక్.

"సున్న సార్. నిన్ననే చూశాం. గాలి కూడా పట్టించాం," అని సక్తగాన్ పర్మిట్ చూపించాడు.

ముసలాయన ఉల్‌బోసిన్ వైపు తిరిగాడు. "ఏమ్మా, అంతేనా?"

"సారు సంతకం పెట్టారు కదండీ," అంది ఆమె. జేబులో వేళ్ళు మీటరు మీద బిగుసుకున్నాయి.

"సరే. అడుగునుంచి ఓ గుప్పెడు గోకి తెప్పించండి. చూసి పోదాం."

సక్తగాన్ చొక్కా చేతులు మడవడం మొదలుపెట్టాడు. కొత్త బూట్లు తొడుక్కొచ్చాడు. కుడి బూటు మూత అంచు దాటింది. మొదటి మెట్టు మీద ఆనింది. దిగు, అనుకుంది ఉల్‌బోసిన్. దిగు, ఇంకొక్కటి. తమ్ముడికి నడక నేర్పినప్పుడు అన్నట్టే, లోపల్లోపల, ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ పిలిచింది.

అతను ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. మొహంలో ఏదో కదిలింది. ఇసుక కింద ఏముందో అతనికి తెలుసు కదా. కాలు వెనక్కి తీసుకుని నడుం పట్టుకుని నవ్వాడు.

"నడుం పట్టేసింది సార్, వయసైపోతోంది. ఒరేయ్ ఒతేష్, దిగరా. గుప్పెడు తీసుకురా, చాలు."

"మాస్కు..." అన్నాడు ఒతేష్.

"గ్యాసు లేదంటుంటే మాస్కేంట్రా? పెళ్ళికూతురివా, ముసుగెయ్యడానికి?"

కూలీల్లో ఒకడు నవ్వబోయి మానేశాడు. ఒతేష్ ముందుకొచ్చాడు. నిచ్చెన పట్టుకుని వంగుతూ తలెత్తి, మూడేళ్ళలో మొదటిసారి ఉల్‌బోసిన్ కళ్ళలోకి చూశాడు. భయం లేదు ఆ చూపులో. తనకు ఇలా జరగాల్సిందే అన్నట్టు ఉంది.

ఆమెకు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, వీడూ పోనీ అనిపించింది. వీడూ అబద్ధం చెప్పినవాడే. ఆ క్షణాన్ని ఆమె తర్వాత ఎప్పటికీ మర్చిపోలేదు, తల్లికి కూడా చెప్పలేదు.

ఒతేష్ రెండో మెట్టు మీద ఉండగా వెళ్ళి అతని మెడపట్టీ దొరకబుచ్చుకుని లాగింది. ఒతేష్ వెల్లకిలా ఇసుకలో పడ్డాడు. ఉల్‌బోసిన్ ఇనప మూతను కాలితో తన్ని మూసి, దాని మీద కూర్చుంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు సక్తగాన్.

"మూత తీస్తాను సార్. మీరు దిగుతానంటే ఇప్పుడే తీస్తాను."

"లే. పెద్దలున్నారిక్కడ."

"పెద్దల ముందే అడుగుతున్నా. మీ కాగితంలో సున్న ఉంది. పిండి పిసుక్కోవచ్చు అంటారు కదా. దిగి పిసకండి, చూస్తాం."

"నడుం నొప్పని చెప్పాను కదా."

"అయితే నేను పట్టుకుని దింపుతాను. మా తమ్ముణ్ణి దింపినప్పుడు నడుం నొప్పి లేదు కదా మీకు?"

సక్తగాన్ మొహం ఎర్రబడింది. కమిటీ వైపు తిరిగాడు. "ఈవిడ తమ్ముడు తాగి దిగి చచ్చాడు సార్. అప్పట్నుంచీ మతి నిలకడ లేదు. ఇలాంటివాళ్ళను పనిలో పెట్టుకోవడం మా పొరపాటు."

"తాగలేదు."

ఆ మాట అన్నది ఉల్‌బోసిన్ కాదు. ఒతేష్ ఇంకా ఇసుకలోనే కూర్చుని ఉన్నాడు. మూసిన మూత వైపు చూస్తున్నాడు.

"జల్గాస్ తాగలేదు. మాస్కులు నాలుగు ఉన్నాయి, సిలిండర్లలో గాలి లేదు. సారుకు చెప్పాం. అర్ధగంట పని, దిగండి అన్నారు. పైకి లాగాక..." అతను గుప్పెడు ఇసుక తీసి వదిలేశాడు. "పైకి లాగాక సారు తన కారులోంచి సీసా తెచ్చిచ్చారు. వాడి చొక్కా మీద నేనే పోశాను. నోట్లో కూడా."

గాలి ఇసుకను బూట్ల మీదుగా తోసుకుపోతోంది.

"వీడు తాగుబోతు సార్," అన్నాడు సక్తగాన్. "అందరికీ తెలుసు."

"అవును," అన్నాడు ఒతేష్. "ఆ రోజు నుంచే తాగుతున్నాను."

ఉల్‌బోసిన్ లేచింది. మూత తీసి మీటరు గొట్టం వదిలింది. మీటరు కీచుమని మోగడం మొదలుపెట్టింది. దాన్ని తీసుకెళ్ళి కువాందిక్ చేతిలో పెట్టింది. ముసలాయన కళ్ళజోడు తుడుచుకుని అంకె చూశాడు. మళ్ళీ చూశాడు.

"నువ్వు పొద్దున కొలవలేదా?"

"కొలిచాను. ఇదే అంకె. ఆయన దిగుతాడని చెప్పకుండా ఊరుకున్నాను. అదీ రాసుకోండి."

ఆయన జేబులోంచి పెన్ను తీసి అంకె, ఆమె మాట, రెండూ రాశాడు.

ఉల్‌బోసిన్ లైసెన్సు పోయింది. పోతుందని ఆమెకు తెలుసు. జల్గాస్ కేసు మళ్ళీ తెరిచారు. సక్తగాన్ వాకిట్లో పోలీసు జీపు ఆగినప్పుడు చూడాలని ఆమె రెండు బస్సులు మారి వెళ్ళింది. ఎదురు అరుగు మీద కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, అతన్ని ఎక్కించేదాకా చూసింది. అతను ఆమెను చూశాడు. పొట్టు ఉమ్మింది.

జామీను మీద బయటికొచ్చాక, తీర్పుకు పది రోజుల ముందు, అతను రాబిగా ఇంటికి వచ్చాడు. చనిపోయినవాడి తల్లి క్షమించానని రాసిస్తే శిక్ష తగ్గుతుందని వకీలు చెప్పాడట. ఒక్కడే రావడానికి మొహం చెల్లక ఇద్దరు ఊరి పెద్దల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఉల్‌బోసిన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రానీ," అంది లోపల్నుంచి తల్లి. "ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టకూడదు."

తివాచీ మీద కూర్చోబెట్టి రొట్టె ముందు పెట్టింది. పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "చెల్లెమ్మా, జరిగింది జరిగిపోయింది. మనిషి తలొంచుకుని వచ్చాడు..."

"ముందు ఆయన్ని చెప్పనివ్వు, అన్నా," అంది రాబిగా. "నా కొడుకు తాగాడా?"

"లేదమ్మా," అన్నాడు సక్తగాన్.

"నాకు చెవుడు. కిటికీ తీసుంది, అటు తిరిగి చెప్పు."

కిటికీ అవతల ఇద్దరు పొరుగువాళ్ళు చెత్త బుట్టలు పట్టుకుని ఊరికే నిలబడి ఉన్నారు. సక్తగాన్ అటు తిరిగాడు. "జల్గాస్ తాగలేదు," అన్నాడు.

"ఎవరు చంపారు?"

అతను పెద్దల వైపు చూశాడు. వాళ్ళు రొట్టె వైపు చూశారు.

"నేను దింపాను," అన్నాడు. "తప్పు నాది. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క సంతకం..."

రాబిగా టీ కాగే సమోవారు కుళాయి తిప్పింది. కావలసిన అతిథికి గిన్నెలో కొంచెమే పోసి, మళ్ళీ మళ్ళీ అడిగి పోయడం అక్కడి మర్యాద. ఆమె పెద్దలిద్దరికీ అలాగే పోసింది. సక్తగాన్ గిన్నెను మాత్రం అంచు దాకా, పైన పొంగు నిలిచేలా నింపింది. తాగి లేచిపో అని దానర్థం. పెద్దలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నోటి దాకా తీసుకెళ్ళిన రొట్టె కింద పెట్టేశారు.

సక్తగాన్ గిన్నె అందుకున్నాడు. టీ వేళ్ళ మీద పడి కాలింది. తాగకపోతే ఆ ఇంటికి అవమానం, తాగితే తనకు. పొగలు కక్కే టీని గుటకలు గుటకలుగా మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, టీ వేడికో మరెందుకో.

గిన్నె కింద పెట్టి లేవబోయాడు. రాబిగా చెయ్యి చాచి ఆ గిన్నె తీసుకుని, మళ్ళీ అంచు దాకా నింపి, అతని ముందుకు జరిపింది.