చెంపదెబ్బ దగ్గర జోకు

కంపాలా నగరంలో, నటేటే బజారు పక్కనున్న లుబోవా వీడియో హాలంటే పదేళ్ళుగా పేరు. విదేశీ సినిమా ఆడుతుంటే మైకు పట్టుకుని జనానికి తమ భాషలో కథ చెప్పడం లుబోవా పని. తెర మీద రక్తం కారినా, శవం లేచినా అతను ఒక్క మాట విసిరాడంటే జనం నవ్వాల్సిందే. చూడలేని దృశ్యాన్ని కూడా నవ్వుతూ చూసేలా చేస్తానని అతనికి మహా గర్వం.

అలాంటివాడికి రోడ్డవతల కియింబా అనేవాడు హాలు తెరవడంతో కంట్లో నలుసు పడ్డట్టయింది. కియింబాకు గొంతూ లేదు, జోకులూ రావు. అయినా ఆడవాళ్ళంతా అటే పోతున్నారు. వాళ్ళు పోతే పోయారు, లుబోవా భార్య నకితెండే కూడా తానమ్మే వేరుశెనగల బుట్టతో అక్కడికే మకాం మార్చింది. అక్కను బావ కొట్టి చంపినప్పటి నుంచి, అంటే ఏడాదిగా, ఇంట్లో ఆమె ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఆ హాలుకు వెళ్ళొచ్చిన రోజు మాత్రం ముఖం తేటగా ఉంటుంది. అది చూసి లుబోవా ఓర్చుకోలేకపోయేవాడు.

"ఏముందే ఆ మూగోడి దగ్గర?" అని ఉండబట్టలేక అడిగాడు.

"వచ్చి చూడరాదూ," అంది ఆమె, గింజలు చెరుగుతూ.

ఆదివారం మధ్యాహ్నం టోపీ కళ్ళ మీదికి లాక్కుని వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాడు. తాను వందసార్లు చెప్పిన సినిమానే. భార్య మూడో వరసలో ఉంది.

తెర మీద మొగుడు పళ్ళెం విసిరికొట్టి పెళ్ళాం చెంప మీద కొట్టాడు. కియింబా మైకు దించేశాడు. సినిమా చప్పుడు కూడా తగ్గించేశాడు. రెండో దెబ్బ పడింది, మూడోది పడింది. హాల్లో ఎవరూ కదల్లేదు. నకితెండే భుజాలు అదురుతున్నాయి. పదేళ్ళ కాపురంలో తన ముందు ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి, పరాయివాడి హాల్లో వెక్కి వెక్కి ఏడుస్తోంది. అసూయతో లుబోవాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

ఇక నోరు ఆగలేదు. "పులుసులో ఉప్పు తక్కువైందంట! ఏడు తల్లీ, ఏడు! కన్నీళ్ళు పడితే సరిపోద్ది!"

హాలు గొల్లుమంది. కళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళే పొట్టలు పట్టుకుని నవ్వారు.

"లుబోవన్న వచ్చాడ్రోయ్!" అని ఎవడో అరిచాడు. "అన్నా, మైకు నువ్వే పట్టుకో!"

కియింబా తల దించుకున్నాడు. లుబోవాకు పగ తీరినంత సంబరమైంది. గెలిచిన ముఖంతో మూడో వరస వైపు చూస్తే అక్కడ భార్య లేదు. పరుగున వెళ్ళి బజారు మలుపులో అందుకున్నాడు.

"చూశావా? ఒక్క మాటతో ఎట్టా పడగొట్టానో!"

"చూశాను." ఆమె ఆగింది. "అక్క శవం దగ్గరా ఇంతేగా. ఏడవడానికి వచ్చినోళ్ళందర్నీ నవ్వించి పంపావు. మొగుడి గొప్ప కదాని నేనూ నవ్వాను. ఇన్నాళ్ళకి ఏడవడానికి నాకో చోటు దొరికింది. దాన్నీ నవ్వులపాలు చేశావు కదయ్యా."

బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. హాల్లోంచి వచ్చిన జనం లుబోవా భుజం తడుతూ, "రేపట్నుంచి నీ హాలుకే అన్నా" అంటున్నారు. పదేళ్ళు మాట్లాడి తాను ఇవ్వలేనిదాన్ని కియింబా నోరు మూసుకుని ఆమెకు ఇచ్చాడు. ఆ మనిషి మీద అసూయ తగ్గలేదు సరికదా, ఇప్పుడు దానికి కారణం కూడా తెలిసింది.