డెబ్బై మార్కుల బర్రె

నానక్‌రామ్‌గూడలో ఇప్పుడు ముప్పై అంతస్తుల అద్దాల మేడ ఉన్న చోట ఒకప్పుడు మా నల్లమణి పడుకునేది. నల్లమణి అంటే మా బర్రె. మేడ కట్టడానికి వచ్చిన ఇంజనీర్లు దాన్ని లేపలేక మూడు రోజులు ఆగారు. నాలుగో రోజు క్రేను తెచ్చారు. క్రేనే ఒరిగిపోయింది. చివరికి నా భార్య భూలక్ష్మి వచ్చి "లే బిడ్డా" అంటే లేచి తోక ఊపుకుంటూ వెళ్లింది. దాని పాలు ఎంత చిక్కనంటే, గ్లాసులో చెంచా నిలబెట్టి ఫోన్ మాట్లాడి రావచ్చు. ఆ పాల టీ తాగి మేడలో ఉద్యోగం చేసే పిల్లలు రెండు రోజుల పని మధ్యాహ్నానికే ముగించేవారు. మిగిలిన టైము ఏం చేయాలో తోచకే టేబుల్ టెన్నిస్ నేర్చుకున్నారు.

వాళ్ల క్యాంటీన్‌కు మొదటి రోజు నుంచి పాలు పోసినవాళ్లం ఇద్దరం. నేను, పుప్పాలగూడ బాలు. అందుకే కంపెనీకి పదేళ్లు నిండాయని తమవాళ్లకు పంచిన వెండి మెడల్ మాకూ చెరొకటి ఇచ్చారు. కొత్తగా అచ్చయిన వెండి. డబ్బా మూత తీస్తే ఎండకు కళ్లు మూసుకున్నట్టు మూసుకోవాల్సి వచ్చింది. ఒక వైపు కంపెనీ పేరు. రెండో వైపు మేడ, దాని ముందు ఒక బర్రె.

నల్లమణి పోయి మూడేళ్లయింది. దాని ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు.

మర్నాడు రుక్కమ్మ టీ కొట్టు దగ్గర బాలు మొదలుపెట్టాడు.

"అన్నా, నా బర్రెను మస్తుగ దింపిన్రు గదా!"

"నీ బర్రెనా? దాని పాలల్ల చేపలు ఈదుతుండె. దాన్ని వెండి మీద ఎవడు చెక్కుతడు రా?"

"మరి నీదైతే ఫోటో చూపియ్యి."

"ముందు నువ్వు చూపియ్యి."

ఇద్దరం జేబులు తడుముకున్నాం. అప్పుడే రాబిన్ టీకి వచ్చాడు. గుంటూరు వైపు కుర్రాడు, ఆ మేడలోనే ఉద్యోగం. వెండి మెడల్స్ పోగు చేయడం అతనికి పిచ్చి. తన మెడల్‌ను గ్రేడింగ్‌కు పంపుతున్నానని చెప్పాడు. తెలిసినవాళ్లు భూతద్దం పెట్టి చూసి డెబ్బైకి మార్కులు వేస్తారట. తర్వాత గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మార్కుల చీటీ కూడా లోపలే ఉంచి, మళ్లీ తెరవకుండా సీలు వేసి పంపిస్తారట.

నాకు వెంటనే అర్థమైంది. పశువుల పోటీల్లోనూ ఇదే పద్ధతి. పెద్దమనుషులు బర్రె చుట్టూ తిరిగి, నడక చూసి, పొదుగు చూసి, వీపు నిమిరి మార్కులు వేస్తారు. నల్లమణికి ఎప్పుడు వేసినా వందకు నూట పది.

"సారూ, నాది గూడ పంపు" అన్నాను.

"మీకెందుకండీ? మూడు వేలవుద్ది. పాతవైతే పంపాలి. అసలో నకిలీయో అనుమానం ఉంటే పంపాలి. ఇది మొన్న మిషన్లోంచి వచ్చిందండి. దీని మీద ఎవరికి అనుమానం?"

"గీ బాలుగానికున్నది."

"మరి నువ్వెందుకు పంపుతున్నవ్ సారూ?" అని బాలు అడిగాడు.

"నాకదో సరదా అండి. అన్నీ ఒకేలాంటి పెట్టెల్లో ఉంటే అరలో చూడ్డానికి బాగుంటాయి."

"అయితే నాది గూడ పంపు. ఎవరి బర్రెనో తేలిపోతది" అన్నాడు బాలు.

రుక్కమ్మ గరిటె ఎత్తి తీర్పు చెప్పింది. "ఎవలకు తక్కువ మార్కులొస్తే వాళ్లు గీడ్నే నిలవడి, బర్రె నీదే అని ఒప్పుకోవాలె. ఒప్పుకోనోనికి నా తాన చాయ్ బంద్."

ఇంట్లో భూలక్ష్మి మాత్రం ఒప్పుకోలేదు.

"తొమ్మిదేండ్లు పాలు పిండిన దాన్ని, నేను చెప్తే చాలదా?"

"నువ్వు చెప్తే బాలు ఇంటడా? భూతద్దం చెప్తే ఇంటడు."

"జర నా చేతికియ్యి. తెచ్చినకాంచి దూరంకెల్లే చూపిస్తున్నవ్. దాని మొహం సక్కగ చూడనన్న చూడలే."

"ముట్టకే! వేలి మచ్చ వడితే మార్కులు పోతయంట. ఫస్టొచ్చినంక నీకే ఇస్త."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మెడల్ వెళ్లిపోయింది.

రెండు నెలల తర్వాత పార్సిల్ వచ్చింది. టీ కొట్టు దగ్గర చేరిన జనాన్ని చూసి షేర్ ఆటోలు కూడా ఇంజన్ ఆపేశాయి. భూలక్ష్మి కూడా వచ్చి నా పక్కన నిలబడింది. రాబిన్ నా పెట్టె తీసి చదివాడు.

"డెబ్బై!"

నేను ఎగిరిన ఎగురుకు మేడలో నాలుగో అంతస్తు వాళ్లు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపారు. కిందికి దిగేలోపు రాబిన్ బాలు పెట్టె కూడా చదివేశాడు.

"ఇదీ డెబ్బయ్యే."

"గిదేంది సారూ? ఇద్దరికీ ఫస్టెట్లొస్తది?" అన్నాను.

"ఇద్దరికే కాదండి. మా ఆఫీసు నుంచి నలభై వెళ్లాయి, నలభైకీ డెబ్బయ్యే వచ్చింది. కొత్తవి కదా, గీతలూ మచ్చలూ ఎక్కడుంటాయి?"

"నడక చూసిన్రా?"

"నడకేంటండీ?"

"మరి పొదుగు?" అన్నాడు బాలు.

రాబిన్ మా ఇద్దరి మొహాలూ చూశాడు. "అయ్యో! మార్కులు వెండికండీ, బర్రెకు కాదు!"

రుక్కమ్మ నవ్వీ నవ్వీ పాలు పొంగించింది. నేను నవ్వలేదు. భూలక్ష్మి అరచెయ్యి చాపింది.

"ఇగ మార్కులైనయ్ గదా. ఇయ్యి."

ఇచ్చాను. ఆమె పెట్టెను అటు తిప్పింది, ఇటు తిప్పింది. "గిందుల నా మొహమే కనవడ్తంది" అంటూ రుక్కమ్మ అల్లం దంచే రాయి అందుకుంది.

"అమ్మా, వద్దండీ! డెబ్బై పోద్ది!" అని రాబిన్ అరిచాడు.

"పోనీ బిడ్డా. ఇంకా నలభై మంది తాన ఉన్నయ్ గదా."

రెండు దెబ్బలకు పెట్టె పగిలింది. ఆమె మెడల్‌ను అరచేతిలో పెట్టుకుని బర్రె మీద బొటనవేలితో మెల్లగా రాసింది. చాలాసేపు చూసింది.

"ఇది మన నల్లమణి కాదు."

"ఏమంటున్నవే?"

"కొమ్ములు చూడు. మనదానియి మూడు సుట్లు తిరిగి చెవులకు ఆనుతుండె. దీనియి ఒక్క సుట్టు గూడ లేవు."

"నేను చెప్పలే? నాదే!" అని బాలు గంతేశాడు.

"నీది గూడ కాదు బాలూ. నీ దాని తోక నేలకు రాస్తుండె. దీనిది మోకాలు దాటలే."

గంతేసిన బాలు ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు. భూలక్ష్మి మెడల్‌ను నా చేతిలో పెట్టబోయింది. క్రేను ఒరిగిన కథ చెప్పేటప్పుడు కూడా తడబడని నోరు నాది. ఆమె మొహం చూసి ఒక్క క్షణం తడబడింది. ఒక్క క్షణమే.

"ఎందుకు గాదే? చాయ్‌ల ముంచే బిస్కెట్టంత జాగల మూడు సుట్ల కొమ్ములు ఎట్ల వడ్తయ్? గీసినాయన ముందు మూడు సుట్లూ గీసిండు. కొమ్ములు పోయి మేడకు తగిలినయ్. అద్దాలు పగుల్తయని కంపెనోళ్లు పరేషాన్ అయిన్రు. గందుకే కత్తిరిచ్చిన్రు."

అందరూ బాలు వైపు చూశారు. నన్ను పట్టుకుని ఏడిపించడానికి అతనికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. బాలు భూలక్ష్మి చేతి వైపు చూశాడు.

"అన్న చెప్పేది నిజమే వదినా. నా దాని తోక గూడ గట్లనే కోసిన్రు. గది ముంగట సగం నల్లమణి, ఎనక సగం నాది."

భూలక్ష్మి చెయ్యి వెనక్కి వెళ్లింది. మెడల్‌ను మళ్లీ వేలితో తడిమింది.

"ఎనక సగమా? మరి పొదుగు ఎవరి దిక్కున్నది బాలూ?"

బాలు తన పెట్టెలోకి తొంగి చూశాడు. వెలుగుకు పట్టి చూశాడు. ఏమీ తేలలేదు.

"రుక్కమ్మా, ఆ రాయి జర ఇటియ్యి" అన్నాడు.