మడమ చప్పుడు

కోత మిల్లులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మాట్లాడినా వినబడి చావదు. రంపం దుంగలోకి దిగిందంటే పక్కవాడు గొంతు చించుకున్నా గాలికి పోయినట్టే. అందుకని అక్కడ అన్నీ సైగలే. వేలెత్తితే ఆపమని, అరచెయ్యి తిప్పితే దుంగ తిప్పమని, కడుపు మీద చెయ్యి వేసుకుంటే అన్నానికి పోదామని. దరువు ఏరికోరి ఈ పనిలో చేరింది అందుకే. చెవిటివాడు చెవిటివాడని ఎవరికీ తెలియకుండా బతకగలిగే చోటు అంతకన్నా ఎక్కడ దొరుకుతుంది?

దరువు అన్నది అతని అసలు పేరు కాదు. డ్రమ్ములు వాయించే రోజుల్లో ఊరు పెట్టిన పేరు. డ్రమ్ములు మానేసి పదేళ్ళు దాటినా పేరు మాత్రం అతన్ని పట్టుకుని వదల్లేదు. ముగ్గురి బ్యాండు వాళ్ళది. పాడేది అతని అన్న. గిటారు వాయించేది వాళ్ళ చిన్నప్పటి స్నేహితుడు. అన్నదమ్ముల ఇంటి వెనక గదిలో సాధన చేస్తుంటే పక్కింటి పెద్దాయన గోడ బాదేవాడు. ఆయన పుణ్యమా అని బ్యాండుకు 'గోడవతల' అని పేరు పెట్టుకున్నారు.

ఆయన పుణ్యం అంతటితో ఆగలేదు. వాళ్ళ పాటల్లోకెల్లా మంచిదాన్ని రికార్డు చేస్తుండగా, సరిగ్గా నడిమధ్యలో ఆయన గోడ దబదబా బాదాడు. ముగ్గురూ బిక్కచచ్చి ఆగిపోయారు. కాసేపు చూసి అన్న నేల మీద మడమతో ఒక్కటి తన్నాడు. ఆ చప్పుడుకి ముగ్గురూ కలిసి అందుకున్నారు. తర్వాత విని చూసుకుంటే అదే బాగుందనిపించి అలాగే ఉంచేశారు. ఇక ఎక్కడ వాయించినా ఆ ఖాళీ రాగానే జనమంతా పక్కింటి పెద్దాయనలైపోయి కుర్చీలూ నేలా బాదడం మొదలుపెట్టేవాళ్ళు. ఆ గోలలో అన్న మడమ ఎప్పుడు తంతాడో అన్నకి తప్ప ఎవరికీ తెలియదు. మజా అంతా అందులోనే ఉంది.

బ్యాండు ముక్కలైంది కూడా ఒక కచేరీలో, ఆ ఖాళీ దగ్గరే. అంతకు ముందురోజు ఊరి రేడియోలో అన్న ఆ పాట బాణీ తనదేనని చెప్పుకున్నాడు. బాణీ నిజానికి తమ్ముడిది. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. మర్నాడు వేదిక మీద ఖాళీ వచ్చింది, జనం బాదారు, అన్న మడమ తన్నాడు. దరువు కదల్లేదు. మళ్ళీ తన్నాడు. అప్పుడూ కదల్లేదు. జనం ముందు అన్న పిచ్చివాడిలా నేల తంతూ నిలబడ్డాడు. అందరూ నవ్వారు. తెర వెనక్కి రాగానే అన్న తమ్ముడి చొక్కా పట్టుకుని, నిన్నటి కసి ఇలా తీర్చుకున్నావా అని నిలదీశాడు. తీర్చుకున్నాను, కావాలనే చేశాను అన్నాడు దరువు.

కావాలని చెయ్యలేదు. వినబడలేదు. చెవుల్లో అప్పటికి కొన్ని నెలలుగా హోరు, ఆ హోరు వెనక అన్నీ దూరంగా జరిగిపోతున్నాయి. ఆ సంగతి చెప్పేసి ఉంటే గొడవే లేదు కదా అనిపిస్తుంది మనకి. కానీ డ్రమ్ములు వాయించేవాడు చెవులు పోయాయని ఏ నోటితో చెప్పుకుంటాడు? పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకున్నాడు, వెర్రి నాయన. పొగరుకి క్షమాపణ ఉంటుంది, చెముడుకి జాలే ఉంటుంది. జాలిపడి తనని పక్కకి జరిపి ఇంకెవరినో ఆ పీట మీద కూర్చోబెడతారని అతని భయం. అక్కడితో అన్నదమ్ములు ఉప్పూ నిప్పూ అయ్యారు. అమ్మ పోయినప్పుడు పక్కపక్కనే నిలబడ్డారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అలాంటిది, ఆ ఊరి రేడియోవాళ్ళే ఒక సరదా పెట్టారు. మళ్ళీ కలిస్తే చూడాలనుకునే మన ఊరి బ్యాండు ఏది అని జనాన్ని అడిగారు. జనం గోడవతల పేరే చెప్పారు, రేడియోవాళ్ళు కచేరీకి హాలు కూడా మాట్లాడేశారు. గిటారు స్నేహితుడు ఇప్పుడు కళ్ళజోళ్ళ కొట్టు నడుపుతున్నాడు. అతను కొట్టు మూసేసి నేరుగా కోత మిల్లుకి వచ్చాడు. రంపం మోతలో అతని పెదాలనే చూస్తూ నిలబడ్డాడు దరువు.

"మీ అన్నయ్య ఒప్పుకున్నాడు" అన్నాయి ఆ పెదాలు.

దరువు మళ్ళీ చెప్పమన్నాడు. మొదటిసారి అర్థం కాక కాదు. ఆ మాట ఇంకోసారి చూడాలనిపించింది.

ఇంటికొచ్చి చెబితే అతని భార్య నెత్తి కొట్టుకుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆవిడ. ఇన్నేళ్ళూ అతనికి చెవులు ఆవిడే. ఫోనొస్తే తనే ఎత్తి, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే అతని మోచెయ్యి తాకి, అతను తప్పు జవాబిస్తే నవ్వులో కలిపేసి నెట్టుకొస్తోంది. వినికిడి యంత్రం కొనిపించింది కూడా ఆవిడే. అది పెట్టుకుంటే డ్రమ్ము మోత రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుందని అతను సొరుగులో పడేశాడు.

"చెప్పి వాయించండి, లేదా మానెయ్యండి" అందావిడ, అతని మొహానికి ఎదురుగా నిలబడి. "ఈసారి కూడా అలాగే అయితే బావగారు మన గుమ్మం తొక్కరు."

"ఒక్కసారే. అన్నయ్య వెనక ఒక్కసారి కూర్చుని వాయిస్తే చాలు నాకు. తెలిసిందంటే ఆ ఒక్కసారి కూడా ఉండదు."

నోరు విప్పనని ఆవిడతో ఒట్టు వేయించుకున్నాడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకంతో ఎంతసేపని వాదిస్తుంది!

అన్న ఇప్పుడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని రోజంతా గడిపే ఉద్యోగం. కార్లు పెట్టే షెడ్డులోనే సాధన. దరువు వెంట భార్య కూడా వచ్చింది. అన్న పలకరించలేదు. జుట్టు పలచబడింది, కాస్త ఒళ్ళొచ్చింది. దరువు చెప్పులు విడిచి, గిటారు స్పీకరుని తన పీట కింది చెక్క మీదికి లాగి, అరికాలు ఆ చెక్కకి ఆనించాడు. చెక్క అదురుని బట్టి పాట ఎక్కడుందో తెలుస్తుంది. ఇక ఖాళీ సంగతి. అన్న మడమ తన్నే ముందు అతని కుడి భుజం రవ్వంత పైకి లేస్తుంది. అది అన్నకే తెలియదు. దరువుకి తెలుసు. భుజం మీద చూపు నిలిపి కూర్చున్నాడు, భుజం లేవగానే అందుకున్నాడు. ఎన్నిసార్లు వాయించినా తప్పలేదు. గిటారు స్నేహితుడు గంతులెయ్యడమొక్కటే తక్కువ. దరువుకి లోపల ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తలవంచుకుని చెప్పులు తొడుక్కుని గుమ్మం వైపు నడిచాడు.

 ఇంటికొచ్చి దీపం వేశాక భార్య అతని గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"మీరు చెప్పులేసుకుని పోతుంటే బావగారు వెనకనుంచి అన్నారు. ఆ బాణీ నీదేరా, ఆ రోజు నేను తప్పు చేశాను అని. మీరు తిరిగి కూడా చూడలేదు. ఆయన మొహం మాడిపోయింది. ఒట్టు వేయించుకున్నారు కదా, నేను నోరు మూసుకుని నిలబడ్డాను."

ఇన్నేళ్ళూ ఏ మాట కోసం మొహం వాచిపోయాడో ఆ మాట వచ్చి తన వీపుకి తగిలి కింద పడిపోయింది. ఆ రాత్రి అతను అన్నం ముట్టలేదు. వెళ్ళి చెప్పేద్దామని రెండుసార్లు చొక్కా వేసుకున్నాడు, రెండుసార్లూ విప్పేశాడు. ఈ కచేరీ అయిపోనీ, అప్పుడు చెబుతాననుకున్నాడు. సాధనలో మాత్రం అన్న ఆ తర్వాత అతని వైపు చూడలేదు.

కచేరీ రోజు హాలు కిటకిటలాడింది. ఒకప్పుడు కుర్చీలెక్కి గెంతిన వాళ్ళంతా ఇప్పుడు నడుములు పట్టుకుని కూర్చున్నారు. వేదిక మీద దరువు వంగి డ్రమ్ము మరలు బిగిస్తుండగా గిటారు స్నేహితుడు అటుగా వస్తూ ఏదో చెప్పాడు. దరువు తల ఊపాడు. చెవిటివాడికి తల ఊపడం ఊపిరి తియ్యడంలాంటిది, దానంతటదే జరిగిపోతుంది. హాల్లో దీపాలు చూసుకునేవాడు ఈ బ్యాండంటే పడి చచ్చేవాడు. వాళ్ళకి కానుకగా, పాట మధ్యలో ఖాళీ రాగానే దీపాలన్నీ ఆర్పేస్తాడట. దరువు తల ఊపింది ఆ మాటకి.

పాటలన్నీ బాగా నడిచాయి. అరికాలు చెక్కని వింటోంది, కళ్ళు అన్న భుజాన్ని వింటున్నాయి. చివరికి ఆ పాట వచ్చింది. ఖాళీ వచ్చింది. ముగ్గురూ ఒక్కసారే ఆగారు.

దీపాలు ఆరిపోయాయి.

 భుజం లేదు, అన్న లేడు. ఇన్నేళ్ళు దాచుకున్న ఉత్సాహమంతా కాళ్ళలోకి తెచ్చుకుని జనం నేలని బాదుతున్నారు, కింద చెక్క పూనకం వచ్చినట్టు ఊగుతోంది. అందులో ఒక్క మడమ ఎక్కడని వెతకాలి? ఇప్పుడే తన్నాడా? తన్నేశాడా? పుల్లలు పట్టుకున్న చేతులు గాలిలోనే బిగుసుకుపోయాయి. అన్నయ్య మళ్ళీ జనం ముందు నేల తంతూ నిలబడి ఉన్నాడు, నేనే నిలబెట్టాను అనుకున్నాడు.

చెంప మీద వేడిగా ఊపిరి తగిలింది. అన్న. తన్ని తన్ని, ఒళ్ళు మండి, చీకట్లో తడుముకుంటూ దగ్గరికొచ్చి చెవిలో అరుస్తున్నాడు. అరుస్తున్నాడని తెలుస్తోంది, తుంపరలు పడుతున్నాయి. ఏమంటున్నాడో తెలియడం లేదు.

"నాకు కనబడటం లేదన్నయ్యా" అన్నాడు దరువు.

ఊపిరి ఆగింది.  తర్వాత ఒక అరచెయ్యి వచ్చి అతని మొహం మీద వాలింది. కళ్ళు తడిమింది, చెంప తడిమింది, చెవి దగ్గర నిలిచిపోయింది. అక్కడినుంచి వీపు మీదికి దిగి, మధ్యలో ఒక్క చరుపు చరిచింది.

దరువు అందుకున్నాడు. గిటారు అందుకుంది. దీపాలు వెలిగాయి. అంత పొడుగు ఖాళీ ఎన్నడూ ఎరగమని జనం వెర్రెత్తిపోయారు.

తెర వెనక అన్న ఒక పెట్టె మీద కూలబడ్డాడు. దరువుని ఎదురుగా నిలబెట్టుకుని, దీపం తన మొహం మీద పడేలా జరిగాడు. ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

"ఆ రోజు కూడానా?"

దరువు తల ఊపాడు. ఈసారి మాట తెలిసే ఊపాడు.

"కావాలనే చేశానన్నావు కదరా. అమ్మ పోయినప్పుడు కూడా నీతో మాట్లాడలేదు కదరా నేను."

"చెబితే తీసేసేవాడివి."

అన్న నోరు తెరిచాడు. కాదనబోయాడు. తమ్ముడు తన పెదాలనే చూస్తున్నాడు, అక్కడ అబద్ధం దాగదు.

"తీసేసేవాణ్ణే" అన్నాడు. మొహం చేతుల్లో పెట్టుకోబోయి, పెట్టుకుంటే తమ్ముడికి మాట అందదని గుర్తొచ్చి చేతులు దించేశాడు. కన్నీళ్ళు అలాగే కారనిచ్చాడు.

గిటారు స్నేహితుడు తెర తప్పించుకుని వచ్చాడు. జనం వదలడం లేదు, అదే పాట మళ్ళీ కావాలంటున్నారు. అన్న ఆ సంగతి తమ్ముడికి చెప్పి, ముఖం తుడుచుకుని లేచాడు. దీపాలు ఆర్పితే చంపుతానని కబురు పంపాడు. వేదిక మీదికి వెళ్ళి, ముందు వరసకి ఎదురుగా ఉన్న మైకు కర్రని ఎత్తి తెచ్చి డ్రమ్ముల ముందు పెట్టుకున్నాడు. జనం వైపు వీపు తిప్పి, తమ్ముడికి ఎదురుగా నిలబడ్డాడు.

ఇటు తిరగమని కేకలు వినబడ్డాయి. అతను తిరగలేదు. ముందు వరసలో ఎవరో, ఇన్నేళ్ళయినా ఈ పాడేవాడి పొగరు తగ్గలేదు చూశావా అన్నారు. దరువు భార్య ఆ పక్క కుర్చీలోనే ఉంది, విన్నది. అన్న కూడా విన్నాడు. అతని కుడి భుజం రవ్వంత పైకి లేచింది. మడమ తన్ని, పాట మొదలుపెట్టాడు.