కంట్రోల్ మీట మీద వేలు

వరద మా వీధి గడపలు దాటిన ఏడాది సంగతి. నీళ్లు తీశాక కోడలి కంప్యూటర్ బురద కక్కింది. దుప్పట్ల మీద మిషన్ కుట్టే పూలను ఆమె అందులోనే గీసేది.

ఆమెకు పని ఇచ్చే దుప్పట్ల కార్ఖానా యజమాని తన గోదాములో మూలపడ్డ పాత కంప్యూటర్ పంపాడు. దాని మౌస్‌కు ఒకటే బటన్. పూలు గీసే సాఫ్ట్‌వేర్ ఏమో కుడి బటన్ లేందే కదలదు. వేరే మౌస్ పెడదామంటే తీగ అందులో దూరదు. ఎడమ చేత్తో కంట్రోల్ మీట నొక్కిపట్టి, కుడి చేత్తో క్లిక్ చేస్తేనే కుడి బటన్ పని అవుతుందట. కోడలి ఎడమ చెయ్యి ఖాళీ లేదు. అందులో మనవడు. దించితే ఏడుపు. నేను ఎత్తుకుంటే గుక్క తిప్పుకోడు. మా అబ్బాయి పొద్దున్నే బురద ఎత్తే పనికి పోయి రాత్రెప్పుడో వచ్చేవాడు.

మర్నాటి సాయంత్రానికి దుప్పటి అంచు గీసి ఇవ్వకపోతే కంప్యూటర్ తీసుకెళ్లి పని ఇంకొకరికి ఇస్తానన్నాడు యజమాని.

స్టూలు వేసుకుని మీట నేను పట్టాను.

"నొక్కండి మామయ్యా... వదలండి... నొక్కండి."

నడుము లాగింది. కళ్లు కూరుకుపోయాయి.

"మామయ్యా! పువ్వు రేకు గియ్యబోతే ఏదో మెనూ పట్టీ తెరుచుకుంటోంది. వేలు తియ్యలేదా?"

తియ్యలేదు. మీట మీదే కునుకు పట్టింది.

"నిద్రొస్తే పడుకోండి."

"ఊఁ."

"ఊఁ అంటే నొక్కుతారా, పడుకుంటారా?"

నొక్కాను. చీకటి పడేసరికి సగం అంచు కూడా కాలేదు. ఆమె ఎడమ చెయ్యి మొద్దుబారింది. పిల్లాణ్ణి నా ఒళ్లో పెట్టి చూసింది. కెవ్వుమన్నాడు.

"వీడికి మీరంటే కాదు మామయ్యా, మీ మీసమంటే భయం," అంది నీరసంగా నవ్వి. "ఇక మనవల్ల కాదు. రేపు కంప్యూటర్ పట్టుకుపొమ్మని చెప్పేద్దాం."

ఆ మీసం పెళ్లినాటిది. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ కత్తెర తనే పట్టేది.

తెల్లారగానే వీధి చివర క్షవరం కొట్టుకు వెళ్లాను. నేల ఇంకా తడారలేదు.

"ఏం తాతా, ఎవరితో పందెం ఓడిపోయావు?"

"తీసెయ్."

"మొత్తమా?"

"ఊఁ."

ఇంటికొచ్చి మనవడి ముందు నిలబడ్డాను. వాడు చాలాసేపు చూశాడు. నా పై పెదవి మీద వేలు పెట్టి గీరాడు. ఏడవలేదు. వాణ్ణి ఆమె ఎడమ చేతిలోంచి తీసుకుని, గుమ్మంలోకి వెళ్లి కూర్చున్నాను.