హెబ్బాళ దగ్గర వేడిగాలి

ఏప్రిల్ ఎండలో బెంగళూరు హెబ్బాళ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. పికప్‌లో కూర్చున్న కిరణ్మయి ఒళ్లో పట్టుపురుగుల గుడ్ల పెట్టె ఉంది. హిందూపురం రైతులు వాటి కోసం కాచుకుని ఉన్నారు. గుడ్లకి వేడి తగలకూడదనే ఆమె ఏసీ బండి మాట్లాడుకుంది. తీరా ఆ ఏసీలోంచే వేడిగాలి కొడుతోంది.

"మీట చల్లని పక్కే ఉండాదమ్మా. గ్యాసు అయిపోయిందేమో," అన్నాడు డ్రైవర్ కృష్ణప్ప.

పెట్టెలో పెట్టిన థర్మామీటర్ పైకి పాకుతూనే ఉంది. ఇంకాసేపు ఇలాగే ఉంటే గుడ్లు చచ్చిపోతాయి.

కృష్ణప్ప బండి పక్కకి తీసి బానెట్ ఎత్తాడు. ఏసీ పైపు పట్టుకుని చూసి, "ఇది ఐసు మాదిరి ఉండాదే! గ్యాసుకేమీ కాలేదు," అన్నాడు.

"మరి వేడి ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"హీటర్లోకి ఇంజన్ వేడినీళ్లు పోతా ఉండాయి."

పెట్టెని గుండెకి హత్తుకుని కిరణ్మయి దిగొచ్చి బానెట్ కిందికి వంగి చూసింది. "అదిగో, ఆ తీగ ఊడిపోయింది!"

మీట నుంచి హీటర్ కుళాయికి వెళ్లే తీగ అది. అది ఊడటంతో కుళాయి తెరుచుకునే ఉండిపోయింది. కృష్ణప్ప చేతికి తువాలు చుట్టుకుని కుళాయి తిప్పాడు. కదల్లేదు.

"చెయ్యి కాలుతుంది, ఇంజన్ చల్లారనివ్వండి!"

"అంతసేపు గుడ్లు తట్టుకోవమ్మా."

పళ్లు బిగించి మళ్లీ తిప్పాడు. కుళాయి మూసుకుంది, అరచెయ్యి బొబ్బలెక్కింది.

మెల్లమెల్లగా గాలి చల్లబడింది. థర్మామీటర్ దిగడం చూశాకే కృష్ణప్ప బండి కదిలించాడు.

గుడ్లు పగిలి పురుగులు బయటికొచ్చాయని రైతు ఫోన్ చేసిన రోజు కిరణ్మయి వెంటనే కృష్ణప్పకి ఫోన్ కలిపింది.

"చెయ్యి ఎలా ఉంది?"

"దాన్ని ఇడిసిపెట్టమ్మా, పురుగులు ఆకు మేస్తా ఉండాయా?" అన్నాడతను.