ప్రసూన చెప్పని సాక్ష్యం

మొదటి ఆదివారం ఒళ్ళు కాలిపోతోందన్నాడు, పోయిన ఆదివారం స్పృహ లేదన్నాడు, ఇవాళ చల్లబడిపోయిందంటున్నాడు, ఇట్లాగే పోతే వచ్చే ఆదివారానికి ఆ పిల్లకు గొయ్యి కూడా తవ్వేస్తాడేమో, అనుకుంది ప్రసూన, అనుకున్న వెంటనే నాలుక కరుచుకుంది, దేవుని మందిరంలో కూర్చుని కట్టుకున్నవాణ్ణి గురించి ఇట్లాంటి మాటా, కానీ మనసు ఆగితే కదా, రేకుల కప్పు కింద ఫ్యాను వేడిగాలినే కిందికి తోస్తోంది, ఆడవాళ్ళంతా కొంగులు తలమీద కప్పుకుని చాపల మీద కదలకుండా వింటున్నారు, మైకు ముందు యేసన్న, పంతొమ్మిదేళ్ళుగా తన మొగుడు, పదిహేనేళ్ళుగా కుందుర్పి దగ్గర ఈ చిన్న ఊరికి పాస్టరు, కళ్ళు మూసుకుని చెబుతున్నాడు, ఆ తల్లి ఏడుస్తాండాది సహోదరులారా, బిడ్డ కాళ్ళు చల్లగైపోయినాయి, నేను తలమీద చెయ్యి పెట్టినాను, కళ్ళు మూసుకోవడమెందుకు, తెరిస్తే మూడో వరసలో కూర్చున్న తన కళ్ళు ఎదురవుతాయనా, తెలుసు ఈ మనిషికి, ఆ రోజు తాను ఏం చేసిందో చూసే ఉంటాడు, తెలిసే చెబుతున్నాడు.

చూడకుండా ఎట్లా ఉంటాడు, ఆ గుడిసె ఎంతని, నలుగురు కూర్చుంటే అయిదో మనిషి వంగి నిలబడాలి, మే నెలలో కూతురు సువార్త పదో తరగతి పరీక్షలు అయిపోయాక బెంగళూరు మిషన్‌వాళ్ళు ముగ్గుర్నీ కెన్యా దేశానికి తీసుకుపోయారు, పద్దెనిమిది రోజులు, ఎండలో బతకడం తెలిసిన కుటుంబం కావాల, అందుకే అనంతపురంవాళ్ళను ఎంచుకున్నాం అన్నాడు ఆ గుంపును నడిపించిన ఉదయ్ కుమార్, అప్పుడు నవ్వొచ్చింది కానీ ఆడ దిగాక తెలిసింది, అదే ఎర్రమట్టి, అవే ముళ్ళచెట్లు, ఎండిన వంకలో గుంత తవ్వి చిప్పతో నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళు, ఇంత దూరం విమానమెక్కి వచ్చి మళ్ళీ మన కుందుర్పిలోనే దిగినామే అన్నాడు యేసన్న, సువార్త కడుపు పట్టుకుని నవ్వింది, ఆ నవ్వు ఆ ఒక్కరోజే, మర్నాడు వాళ్ళను తీసుకుపోయి అకిరు గుడిసెలో కూర్చోబెట్టారు, అకిరు అంటే పాతికేళ్ళ మనిషి, మెడనిండా పూసలు, ఒళ్ళో అయిదేళ్ళ కూతురు జ్వరంతో వణుకుతోంది, ఆస్పత్రి ఒకరోజు నడక, జీపు ఉంది కదా అంది తాను, జీపు డీజిలుకు పోయింది, మూడురోజులకు గాని రాదన్నాడు ఉదయ్ కుమార్, అట్లా అన్న తర్వాత ఇంకో మాటన్నాడు, అక్కా, నువ్వు నర్సు పని చేసినావని తెలుసు, ఈడ మాత్ర కూడా ఇయ్యొద్దు, మనకు పర్మిషను లేదు, ఆ బిడ్డకు ఏమన్నా అయితే అందరం జైల్లో ఉంటాం.

సరేనంది, కళ్యాణదుర్గంలో ఒక నర్సింగ్ హోంలో పదకొండేళ్ళు పనిచేసిన మనిషి, ఆ వణుకు, ఆ చెమట, ఒకరోజు తప్పించి ఒకరోజు వచ్చే జ్వరం, చూసి చూసి అరిగిపోయిన కళ్ళు తనవి, మలేరియా అని చెయ్యి పట్టుకోకుండానే చెప్పగలదు, కానీ సరేనంది, యేసన్న ఉపవాసముంటానని వాకిటి ముందు ముళ్ళచెట్టు కిందికి పోయి మోకాళ్ళూనాడు, మధ్యమధ్య లోపలికొచ్చి బిడ్డ తలమీద చెయ్యి పెట్టి పోతున్నాడు, మధ్యాహ్నం అయ్యేసరికి బిడ్డ మాట తడబడింది, అప్పుడు చేతిసంచీ తెరిచింది తాను, బెంగళూరు డాక్టరు ముగ్గురికీ మూడు మలేరియా మాత్రల పొట్లాలిచ్చి జ్వరమొస్తే వేసుకోండన్నాడే, అందులో తన పొట్లం, బరువు కళ్ళతోనే తూచి, పెద్దవాళ్ళ మాత్రను గోటితో విరిచి, ఎక్కువైతే, తక్కువైతే, ఇది మలేరియా కాకపోతే, అయినా ఆ ముక్కను తల్లికి అందించింది, అకిరు దాన్ని అరచేతిలో పెట్టుకుని దాన్నీ తననూ మార్చి మార్చి చూసింది, తర్వాత ఇంకో ముక్క తీసి ప్రసూన నోటి దగ్గర పెట్టింది, నువ్వు ముందు మింగు అన్నట్టు, భాష అక్కరలేని మాట అది, మింగింది తాను, గొంతు దిగేదాకా చూసి, నోరు తెరిపించి కూడా చూసి, అప్పుడు గానీ మేకపాలలో నలిపి కూతురికి పట్టలేదు ఆ తల్లి.

ఆ చూపు కొత్తదా తనకు, అమ్మ చూపే కదా అది, తనకు తొమ్మిదేళ్ళప్పుడు ఊరికి తెల్లవాళ్ళు వచ్చారు, మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలు, సబ్బులూ పలకలూ పంచుతూ ఫోటోలు తీస్తున్నారు, అమ్మ తనను చెనక్కాయ మూటల వెనక దాచిపెట్టింది, ఊరికే ఎవురూ ఏమీ ఇయ్యరు, ఏందో తీసకపోనీకే వచ్చినారు, గమ్మునుండు అంది, నాయన మాత్రం పోయి సబ్బు తెచ్చుకున్నాడు, అమ్మ ఆ సబ్బును మూడురోజులు బయట గోడమీదే ఉంచింది, ఆ అనుమానం పాలతో పాటే వచ్చింది తనకు, పెళ్ళిచూపుల్లో యేసన్న తలొంచుకుని కూర్చుంటే నటన అనుకుంది, మొదటి జీతం తెచ్చి చేతిలో పెడితే ఇంకెంతో దాచుకునే ఉంటాడనుకుంది, ఆ కెన్యాలో మూడోరోజు పొద్దున బిడ్డ లేచి కూర్చుని పాలడిగినప్పుడు, ఉదయ్ కుమార్ వీడియో తీయడానికి ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చి, వెలుగు సరిగా పడలేదు, ఇంకోసారి పండబెట్టి లేపుదామన్నప్పుడు, గుడిసె బయట యేసన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడే, అప్పుడూ అదే అనుకుంది, ఎంత బాగా ఏడుస్తున్నాడు, వీడియోకు పనికొస్తుంది అనుకుంది, విమానాశ్రయంలో నీ మందుల సంచి యాడ పెట్టినావని అడిగాడు, ఎందుకడిగాడు, లెక్క చూసుకోవడానికి కాకపోతే, నిన్న ఉదయ్ కుమార్ ఫోను చేసి మళ్ళా సంవత్సరం ఇంకో దేశం పోదామన్నాక యేసన్న గంటసేపు గోడకానుకుని కూర్చున్నాడు, ఏం ఆలోచించాడు, ఇవాళ ఈ చల్లబడిపోయిన కాళ్ళేనా.

అవ్వా, నీళ్ళు, అన్న గొంతు పక్కనుంచి, కదిరమ్మ మనవరాలు సరళ, పదకొండేళ్ళ పిల్ల, ఇది ఎన్నోసారి నీళ్ళడగడం, పాట మొదలయ్యాక ఒకసారి, ప్రార్థనలో ఒకసారి, సాక్ష్యం మొదలయ్యాక రెండుసార్లు, కదిరమ్మ సీసా అందించింది, కదిరమ్మది ఈ సంఘం కాదు, నుదుట బొట్టు తీసిన మనిషి కూడా కాదు, ఈ మధ్యనే మూడు వారాలుగా మనవరాలిని తీసుకుని వచ్చి తన పక్కన కూర్చుంటోంది, సరళకు చిన్నప్పట్నుంచే చక్కెర జబ్బు, పూటపూటా సూది పడాలి, ఇంట్లో ఫ్రిజ్ లేక మందుసీసాను తడిగుడ్డ చుట్టి మట్టికుండలో పెట్టుకుంటారు, ఆ కుండ ఉపాయం చెప్పింది తానే, పిల్ల మొహం వాడిపోయి ఉంది, ఎండకేమో, కాదు, ఊపిరి చూడు, పరుగెత్తి వచ్చిన మనిషిలా లోతుగా ఎగపీలుస్తోంది, కూర్చున్నచోటే, నాయనా యేసయ్యా ఆ వాసనేమిటి, మగ్గిపోయిన పండు వాసన, పిల్ల నోట్లోంచి, సూది పడకపోతే వచ్చే వాసన, ప్రసూన వంగి చెవిలో అడిగింది, కదిరవ్వా, పొద్దున సూది ఏసినావా, లేదు పాస్టరమ్మా, ముసలామె మొహం వెలిగింది, నిన్నటి పొద్దున్నుంచే మానేసినా, అయ్యగారు పోయిన ఆదివారం చెప్పినంక నాకూ నమ్మకం కుదిరింది, మందూ మాకూ లేని చోట ఆ బిడ్డ లేచి కూసుండె కదా, నా మనవరాలు చేసిన పాపమేముండాది.

మందూ మాకూ లేని చోట, ఆ మాట ఎవరిది, యేసన్నది, ఆ మాటకు చోటిచ్చింది ఎవరు, ఇప్పుడు లేచి అరవాలా, సైగ చెయ్యాలా, జైలు, ఉదయ్ కుమార్, అందరిముందూ మొగుడి పరువు, పదిహేనేళ్ళుగా రేకుల కింద కూర్చుని నమ్మిన ఈ డెబ్బైమంది, సరిగ్గా అప్పుడే యేసన్న కళ్ళు తెరిచాడు, ఈ పొద్దు నా భార్య కూడా సాక్ష్యం చెప్తాది, ఆమె ఆడే ఉండింది, కళ్ళారా చూసింది, రా ప్రసూనా, అన్నాడు, ఆ చెయ్యి చాపడంలో ఏమైనా ఎత్తుందా, నోరు కట్టెయ్యడానికా, ఏదైతే అదవనీ అని లేచింది, మైకు దగ్గరకు పోలేదు, ఉన్నచోటునుంచే చెప్పింది, ఆ బిడ్డకు నేను మాత్రలిచ్చినాను, మూడురోజులు, పూటపూటా, మలేరియా మాత్రలు, ఈయన ప్రార్థన చేస్తాండంగా గుడిసెలో నేను ఇచ్చినాను, ఎవురికీ చెప్పలేదు, కదిరవ్వా, మందు లేకుండా ఆ బిడ్డ లేవలేదు, సూది మానొద్దు, ఈ పిల్ల ఇప్పుడే ఆస్పత్రికి పోవాల, ఇప్పుడే.

మగవాళ్ళ వైపునుంచి సంఘపెద్ద ఇమ్మానుయేల్ లేచి, ఏందమ్మా ఇది, అయ్యగారు అబద్ధం చెప్పినాడంటావా అన్నాడు, జవాబు తన దగ్గర సిద్ధంగానే ఉంది, రెండు నెలలుగా నోట్లో నలుగుతున్న జవాబు, అవునని, కానీ యేసన్న అప్పటికే మైకు స్టాండును తన్నుకుంటూ దిగి వస్తున్నాడు, తనవైపు కాదు, సరళవైపు, పిల్లను రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాడు, ఇమ్మానుయేలన్నా, ఎవరేం చెప్పినారో తర్వాత చూసుకుందాం, నీ వ్యాను తియ్యి ముందు, అని అరిచాడు, కదిరమ్మ చెప్పులు లేకుండానే పరుగెత్తింది, దారిలో వాళ్ళ వాకిట ఒక్క నిమిషం ఆగి కుండలోంచి మందుసీసా తీసుకున్నారు, ఏ మందో డాక్టరుకు చూపించాలి కదా, తర్వాత కళ్యాణదుర్గం దాకా రెండువైపులా వాడిపోయిన చెనక్కాయ చేలు, పిల్ల తల తన ఒళ్ళో, ఆ పండు వాసన, సరళా కళ్ళు తెరువమ్మా, పేరు చెప్పు, ఏ తరగతి, వెనక్కి తిరిగి చూస్తున్న యేసన్న పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనే, పైకి వినపడకుండా.

ఆస్పత్రికి వచ్చి రెండు గంటలయింది, లోపల సెలైను ఎక్కుతోంది, సూదిమందు ఎక్కుతోంది, సాయంత్రం దాకా ఆగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణమ్మా, ఇప్పుడు పరవాలేదు, అని డాక్టరు చెప్పి పోయాడు, కదిరమ్మ తలుపు పక్కన కూర్చుని ఎవరి కాళ్ళో పట్టుకున్నట్టు గడప పట్టుకుని ఉంది, బల్లమీద యేసన్న, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ, అటుపక్క తాను, ఇప్పుడు వస్తుంది, నలుగురిలో నా పరువు తీసినావంటాడు, అనాల్సిందే, అననీ, యేసన్న చేతులు చూసుకుంటూ అన్నాడు, మూడురోజులూ నేను ఎండలో కూసుని ఉంటే నాకొక్క మాట చెప్పింటే కాదా ప్రసూనా, గొంతులో కోపం లేదు, వెతికింది తాను, ఎక్కడైనా ఉందేమోనని, లేదు, నువ్వు చూసినావనుకున్నా అంది, యాడ చూసినా, కళ్ళు మూసుకునే ఉన్నా కదా అన్నాడు, మరి విమానాశ్రయంలో మందుల సంచి అడిగినావే, నీకు తలనొప్పని సువార్త చెప్పింది, మాత్ర ఇద్దామని అడిగినా, మరి కాళ్ళు చల్లబడినాయని ఈ పొద్దు చెప్పినావే, నేను తాకినప్పుడు చల్లగానే ఉండె, పోయిందేమో అనుకున్నా, ఆ మాట నోటికి రావడానికే రెండు నెలలు పట్టింది నాకు, అన్నాడు, చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు ఎగిరాయి, ఇక్కడ ఫోను లేదు, ఉదయ్ కుమార్ లేడు, చూసేవాళ్ళెవరూ లేరు, మళ్ళా ఆదివారం నేనే చెప్తా, మాత్రలిచ్చింది నా భార్య అని, పండబెట్టి మళ్ళా లేపి వీడియో తీసినారని కూడా చెప్తా, సంఘం ఉంటే ఉండనీ పోతే పోనీ, అన్నాడు తడి గొంతుతో, అంటూ మధ్యలో ఉన్న ఖాళీలోకి జరిగాడు, అతని భుజం తన భుజానికి తగిలింది, ప్రసూన ఆ భుజంలోంచి ఇంకా వస్తున్న వణుకును వింటూ, పెళ్ళిచూపుల్లో వంచిన తలా, మొదటి జీతమూ, తువ్వాలు వెనక ఏడుపూ ఒక్కొక్కటే తీసి చూసుకుంటూ ఉండిపోయింది, పంతొమ్మిదేళ్ళలో ఈ మనిషి తన దగ్గర ఏదీ దాచలేదు, దాచాడేమోనని రోజూ వెతికింది తాను, ఒక్కరోజైనా నోరు తెరిచి అడగలేదు.